నిన్నటి మాలు

మూడు వందలు వేసుకున్నా ముప్పై టన్నులు వస్తుంది, ముప్పై ఏం తక్కువ కాదు, ముప్పై అంటే... ముప్పై అంటే ఏమిటో ఓవర్సీరు సారంగపాణికి కాసేపు తోచలేదు. అంకె ఒక్కటే కాగితం మీద మిగిలింది. దాని చుట్టూ పెన్సిలుతో గీత గీశాడు. ఆ గీత మీదే మళ్ళీ గీశాడు. కాగితం నలిగి చిరిగింది.

తడకల పందిరి కింద సిమెంటు బస్తాలకు ఆనుకుని కూర్చున్నాడు. ఎదురుగా వెంకట్రాజం షావుకారి కట్టిస్తున్న గోదాము. స్టేషను దారిలో ఇంత పెద్ద ఆర్సీసీ పని ఇదే మొదటిదని షావుకారి వచ్చినవాళ్ళందరికీ చెబుతుంటాడు. మూడు వరుసల్లో తొమ్మిది పిల్లర్లు. ఎనిమిదింటికి తడి గోనెలు చుట్టి ఉన్నాయి. నడిమిదానికి ఇంకా చెక్క పలకలు ఊడదీయలేదు. దాన్ని శనివారం పోశారు. ఇవాళ సోమవారం, ఊడదీయాలి. శుక్రవారం పైన స్లాబు.

పన్నెండంగుళాల చదరం. అంటే నూట నలభై నాలుగు చదరపు అంగుళాలు. మాలు, అంటే కలిపిన కాంక్రీటు, మంచిదైతే ఒక్కో అంగుళం మీద ఆరు వందల పౌన్లు నిలపవచ్చునని పుస్తకం చెబుతుంది. నాలుగు మూలల్లో నాలుగు ఇనుప సలాకలు, అవి మోసేది వేరే. అంతా కలిపితే నలభై ఎనిమిది టన్నులు. స్లాబు మీద ఇంకో అంతస్తు గోదాము, దాని మీద కప్పు, దూలాలు, అన్నీ కలిసి నడిమి పిల్లర్ మీదికి దిగే బరువు నలభై. ఎనిమిది టన్నులు మిగులు. నక్షా గీసిన రోజు ఆ మిగులు చూసుకుని అతను తృప్తిపడ్డాడు.

మాలు మంచిది కాకపోతే? ఆరు వందల చోట మూడు వందలు. ముప్పై టన్నులు. రెండు వందలు వేసుకుంటే ఇరవై మూడు.

శనివారం పొద్దున ఏం జరిగిందో అతనికి బాగా తెలుసు. తెలియకపోతే ఈ లెక్కతో పనే లేదు.

శుక్రవారం సాయంత్రం ఎనిమిదో పిల్లర్ నిండాక మాలు కలిపే ఇనుప రేకు మీద ఇంకా ఇరవై తట్టల మాలు మిగిలింది. పారబోయమని చెప్పి అతను ఇంటికి వెళ్ళాడు. యుద్ధం నడుస్తున్న లడాయి రోజులు. సిమెంటు బస్తా ఒక్కొక్కటీ తాలూక్దారు కచేరీలో పర్మిటు మీద వస్తోంది. మేస్త్రి కొమురెల్లికి పారబోయడానికి చేయి రాలేదు. కుప్ప చేసి, తడి గోనెలు కప్పి, పైన నీళ్ళు చల్లి ఉంచాడు. నలభై ఏళ్ళు డంగు సున్నంతో పనిచేసిన మనిషి. గానుగలో తిప్పిన సున్నాన్ని బెల్లం నీళ్ళతో పది రోజులు నానబెట్టి, నానేకొద్దీ పట్టు పెరుగుతుందని చేతులతో తెలుసుకున్నవాడు. సిమెంటుకు నానడం అంటే చావడం. నీళ్ళు తగిలిన గంటకే అది బిగుసుకోవడం మొదలుపెడుతుంది, తెల్లవారేసరికి దాని పని అయిపోతుంది. తర్వాత ఎన్ని నీళ్ళు పోసి తిరగేసినా మెత్తబడుతుంది తప్ప మళ్ళీ పట్టుకోదు.

శనివారం ఏడు గంటలకు అతను వచ్చి ఇదే చోట, ఇలాగే కూర్చున్నాడు. ఇరవై అడుగుల దూరం. కొమురెల్లి గోనెలు తీశాడు. కుప్ప మీద పార వేస్తే గట్టిగా మోగింది. సమ్మమ్మను పిలిచి నీళ్ళు పోయమన్నాడు. ఆమె ఒక కుండ పోసింది. ఇంకా అన్నాడు. ఇంకో కుండ పోసింది. ఇద్దరు మగవాళ్ళు పారలతో తిరగేశారు. కుప్ప మెత్తబడింది. తట్టలకెత్తి, నిచ్చెన మీదుగా నడిమి పిల్లర్ పలకల డబ్బాలో గుమ్మరించారు. అది అయ్యాక కొత్త మాలు కలిపారు.

ఇదంతా అతను చూశాడు. లేవాలి అనుకున్నాడు. ఆ మాట మనసులో చాలా స్పష్టంగా వచ్చింది, 'ఇప్పుడు లేవాలి' అని. అది వచ్చాక ఒక విధమైన నెమ్మది కలిగింది, లేచి వెళ్ళి ఆపేసి తిరిగి వచ్చి కూర్చున్నట్టు. అప్పటికే ఎండ కాళ్ళ దాకా వచ్చింది. కాళ్ళు నీడలోకి లాక్కున్నాడు. బూటు మీద చీమ పాకుతుంటే దాన్ని చూశాడు. మళ్ళీ తలెత్తేసరికి రేకు ఖాళీ.

ఎందుకు లేవలేదో ఈ రెండు రోజుల్లో చాలా కారణాలు దొరికాయి. ముసలివాడితో వాదన. పారబోస్తే షావుకారి అరుపులు. ఎండ. మోకాళ్ళు. అన్నీ నిజమే, కానీ అన్నీ తర్వాత దొరికినవి. ఆ నిమిషంలో ఏ కారణమూ లేదు. అదే అతన్ని భయపెడుతోంది.

"సారూ, పలకలు ఇప్పుదామా?" కొమురెల్లి కేకేశాడు.

"ఇప్పుండ్రి," అన్నాడు. తన గొంతు మామూలుగానే ఉండటం గమనించాడు.

పై పలకలు శుభ్రంగా ఊడివచ్చాయి. కింది పలక లాగినప్పుడు దానితో పాటు ఒక అరచేయంత పెచ్చు ఊడి నేల మీద పడి, పొడి అయింది. కొమురెల్లి వంగి చూశాడు. బొటనవేలితో రుద్దాడు. గరుకుగా, ఇసుకలాగా రాలింది. నాలుగడుగుల ఎత్తు దాకా అలాగే ఉంది. దాని పైన బూడిద రంగు నున్నగా, గట్టిగా మొదలైంది. రెండింటి మధ్య వంకర గీత.

కొమురెల్లి చాలాసేపు వంగే ఉన్నాడు.

సరిగ్గా అప్పుడే షావుకారి ఊడిపడ్డాడు. తెల్ల ధోవతి ఒక చేత్తో పైకి పట్టుకుని, కంకర మీద చెప్పులు జారకుండా నడుస్తూ నేరుగా నడిమి పిల్లర్ దగ్గరికే వచ్చాడు.

"ఇదేంది, గిట్ల రాలుతాంది? మా ఇంట్ల రొట్టెలు నయం. ఏంది మేస్త్రీ?"

కొమురెల్లి బొటనవేలికి అంటిన ఇసుకను పంచెకు తుడుచుకున్నాడు.

"నీళ్ళెక్కువైనట్టున్నయ్. అయినయా లేదా? నాకు తెల్వదనుకుంటాన్నరా, నేను ఎనిమిది పిల్లర్లు సూసిన. నీళ్ళు ఎవలు పోసిండ్రు?"

తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు వరుసగా నిలబడిపోయారు. వాళ్ళలోంచి సమ్మమ్మ అంది, "నేనే పోసిన."

అడిగినదానికి ఉన్నది చెప్పినట్టు చెప్పింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. తల మీద చుట్టకుదురు ఇంకా అలాగే ఉంది.

"ఎన్ని పోసినవ్?"

"రెండు కుండలు."

"రెండు కుండలు! ఏందే, మాలనుకున్నవా, మజ్జిగనుకున్నవా? రేపటికెల్లి రాకు. ఇయ్యాల్టికి గూడ వద్దు, పో."

సమ్మమ్మ కొమురెల్లి వైపు చూసింది. కొమురెల్లి నేల మీద పడ్డ పెచ్చును చూస్తున్నాడు. ఆమె ఒక్కసారి పందిరి వైపు కూడా చూసింది. ఆ చూపులో అడగడం ఏమీ లేదు. ఎవరి వైపైనా చూడాలి కనుక చూసినట్టుంది. సారంగపాణి నోరు తెరిచాడు. నాలుక ఎండిపోయి ఉంది. నీళ్ళు తాగాక చెబుదామనుకున్నాడు. ఆమె తల మీది చుట్టకుదురు తీసి, దులిపి, కొంగుకు చుట్టుకుని వెళ్ళిపోయింది.

"ఓవర్సీర్ సాబ్," షావుకారి పందిరి కిందికి వచ్చాడు, "మీరు సదువుకున్నోళ్ళు, జెప్పుండ్రి. నిలుస్తదా, నిలువదా?"

"లెక్క చేస్తాన్న."

"లెక్క మీరు జేసుకోండ్రి. నాకు ఒక్క మాట జెప్పుండ్రి."

"పైన ఎంత పెడతరు?"

"అదేం సవాలు అడుగుడు! గోదామంటే నింపనీకే గద. ఆముదాలు, పల్లీలు, దూది బోరాలు. కప్పు తగిలేదాక నింపుత."

సారంగపాణి కాగితం మడిచాడు. "నిలుస్తది," అన్నాడు.

"గంతే. పైకెల్లి సిమెంటు పూత కొట్టించుండ్రి, నున్నగ. సుట్టాలొచ్చి సూస్తరు."

* * *

మంగళవారం అంతా పూత పని. కొమురెల్లి ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ముందు నీళ్ళు చల్లి తడిపాడు. జల్లెడ పట్టిన ఇసుకతో మెత్తటి పూత కలిపి, అరచేతిలో ఉండ చేసి విసిరాడు. ప్రతి ఉండా పడ్డచోటే అంటుకుంది. చెక్కతో పైనుంచి కిందికి, మళ్ళీ అడ్డంగా రుద్దాడు. మూల తిరిగే చోట తాపీ అంచుతో ఒకే ఒక్క గీత. ముసలి మణికట్టులో ఎక్కడా తొందర లేదు. పూత పూర్తి కాకుండానే, మధ్యాహ్నానికి తొమ్మిదింటిలోకీ అందమైన పిల్లర్ అదే.

సారంగపాణి దాని ఎదురుగా కూర్చుని చూశాడు. చూస్తుంటే మనసు తేలికవుతోంది. ఇలా తేలికవడం మంచిది కాదని కూడా తెలుస్తోంది. ఈ రెండూ ఒకేసారి లోపల నడుస్తున్నాయి, ఒకరికొకరు పరిచయం లేని ఇద్దరు అద్దెవాళ్ళలాగా.

అసలు ఆరు వందలు అన్న అంకె ఎక్కడిది, అనుకున్నాడు. కాంక్రీటు పగిలేది ఆరు వందల దగ్గర కాదు. దానికి మూడు నాలుగు రెట్ల దగ్గర. పుస్తకం రాసినవాళ్ళు ముందే అంత వెసులుబాటు పెట్టారు. ఇసుకలో మన్ను ఉండొచ్చని, కూలీ ఒక తట్ట తక్కువ వేయొచ్చని, కలిపేవాడు అలసిపోవచ్చని. ఎక్కడో చల్లటి దేశంలో బల్ల ముందు కూర్చుని ఎవరో ఒక మనిషి, వరంగల్‌లో ఒకడు లేవలేకపోవచ్చని కూడా ఊహించి ఉంటాడు. అందుకే మిగులు పెట్టాడు. దాన్ని వాడుకుంటే తప్పేముంది?

ఈ ఆలోచన ఎంతో బాగుందనిపించింది. గంటసేపు దానితో గడిపాడు.

తర్వాత మొగిలమ్మ ఇటుకలు మోస్తూ ముందు నుంచి వెళ్ళింది. సమ్మమ్మతో జతగా పనిచేసేది. ఇద్దరూ ఒకరి తల మీదికి ఒకరు తట్ట ఎత్తేవాళ్ళు. ఇప్పుడు జత లేదు కనుక మొగిలమ్మ గోడ మీద తట్ట పెట్టుకుని, కింద కూర్చుని, తల దాని కిందికి దూర్చి, తనంతట తనే లేస్తోంది. లేచేటప్పుడు మెడ నరం ఒకటి బయటికి వచ్చింది. ఒకసారి నిటారుగా నిలబడ్డాక మాత్రం బరువు లేనట్టే నడిచింది. బరువు సరిగ్గా నడినెత్తిన దిగితే మనిషి చాలా మోస్తాడు. ఇటు ఒక అంగుళం జరిగితే సగం కూడా మోయలేడు.

"ఏంది సారూ, గట్ల సూస్తాన్నవు?" తిరిగి వస్తూ మొగిలమ్మ అడిగింది. "గా పిల్లర్‌కు పెండ్లి జేస్తరా ఏంది, గంత సోకు జేస్తాండ్రు?"

కొమురెల్లి పూత ఆపి, "నీ పని నువ్వు జూస్కో పోరీ," అన్నాడు.

"నా పనే జూస్తాన్న తాతా. ఇద్దరి పని."

సారంగపాణి లేచి నీళ్ళ కడవ దగ్గరికి వెళ్ళాడు. దాహం లేకపోయినా తాగాడు.

* * *

బుధవారం స్లాబుకు కావలసిన సన్న తీగ కోసం బజారుకు వెళ్ళాడు. ఎవరినైనా పంపవచ్చు. తనే వెళ్ళాడు. తిరిగి వచ్చేటప్పుడు, పని పోయిన కూలీలు బస్తాలు మోయడానికి చేరే మండి మీదుగా రావలసిన అవసరం లేదు. అలాగే వచ్చాడు. ఎందుకు వస్తున్నాడో తనకు తెలియనట్టు నడిచాడు.

మండిలో ఎడ్లబండ్లు దిగుతున్నాయి. ఆముదాల వాసన, దుమ్ము. ఆడవాళ్ళు బండి నుంచి కాంటా దాకా బస్తాలు మోస్తున్నారు. సమ్మమ్మ మూడోది. బస్తా పెద్దది, ఆమె మెడ కనిపించడం లేదు. కాంటా దగ్గర దింపి, నడుం మీద చేతులు పెట్టి నిలబడి, అతన్ని చూసింది. అతను చూడనట్టు పోవచ్చు. పోతున్నాడు కూడా.

"సారూ! ఓ సారూ!"

ఆగాడు. ఆమె గబగబా వచ్చింది. ముఖమంతా దుమ్ము, చెమట చారలు.

"మంచిగున్నవా సమ్మమ్మా?"

"ఆఁ, ఏం మంచి. పనైతే దొర్కింది. గని సారూ, ఒక్కటి అడుగుత, కోపం జేయకు." వెనక్కి చూసి గొంతు తగ్గించింది. "గా పిల్లర్ నిలుస్తదా?"

అతను తీగ చుట్టను ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"నాకు నిద్ర వడ్తలేదు సారూ. కండ్లు మూస్తె గదే. పైన స్లాబు పోసేటప్పుడు మొగిలక్క ఉంటది, పిల్లలున్న తల్లులున్నరు, అందరు దాని కిందికెల్లే పోతరు, వస్తరు. నా చెయ్యి ఎందుకట్ల పాయెనో. మేస్త్రి ఇంకా పొయ్యుమన్నడు, నేను గుడ్డిదాని లెక్క పోసిన. ఒక్క కుండతోని ఆపితె మంచిగుండేది గద?"

"ఒక్క కుండ పోసినా..." అని ఆగిపోయాడు. ఒక్క కుండ పోసినా, అసలు పోయకపోయినా ఒకటే. చెడింది నీళ్ళవల్ల కాదు. ఈ మాట చెప్పడానికి ఎంత సేపు పడుతుంది? నాలుగు మాటలు. నాలుగు మాటలు చెబితే అయిదోది తనంతట తనే వస్తుంది. మరి నువ్వెక్కడున్నావు సారూ, అని ఆమె అడగదు. అడగకపోయినా వస్తుంది.

"నువ్వు ఫికర్ జేయకు," అన్నాడు.

"అంటే నిలుస్తది."

"పూత కొట్టిండ్రు. మంచిగుంది."

ఆమె అతని ముఖం వైపు చూసి, ఆ మాటను నమ్మడానికి ప్రయత్నించింది. ప్రయత్నిస్తున్నట్టు స్పష్టంగా కనిపించింది. "నువ్వు సదివినోనివి. నువ్వంటె ఇగ గంతే," అంది. కాంటా దగ్గర ఎవరో, "ఏందే, ముచ్చట్లు వెడుతున్నవు, బస్తా నీ మొగడు మోస్తడా?" అని అరిచారు. "మోస్తె నీ దగ్గరికెందుకొస్త?" అని తిరిగి అరిచి ఆమె పరుగెత్తింది.

అతను తీగ చుట్ట భుజాన వేసుకుని నడిచాడు. ఆమె అతని మీద కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. తప్పు తనదేనని ఆమె ఇంత సులువుగా ఎలా ఎత్తుకుంది? చెప్పగానే ఎత్తుకుంది, బస్తా ఎత్తుకున్నట్టు. దాన్ని రేపటికి, ఎల్లుండికి, జీవితాంతం మోస్తుంది. పిల్లర్ కూలకపోయినా మోస్తుంది.

ఇంటికి చేరి అన్నం ముందు కూర్చున్నప్పుడు, తను కాగితం మీద లెక్క చేయడం మానేశాడని గుర్తించాడు. రెండు వందలా, మూడు వందలా అన్నది ఇప్పుడు ముఖ్యం కాలేదు. రేపు కొమురెల్లితో మాట్లాడతాను, అనుకున్నాడు. తప్పు చేసింది అతను, నిన్నటి మాలు వేసింది అతను. అతని చేత షావుకారికి చెప్పిస్తాను. ముసలివాడు మంచివాడు, ఒప్పుకుంటాడు. ఈ ఏర్పాటు న్యాయంగా ఉందనిపించి నాలుగు ముద్దలు తిన్నాడు.

* * *

గురువారం పొద్దున కొమురెల్లి ఒక్కడే పిల్లర్ల మధ్య తిరుగుతున్నాడు. స్లాబు పలకల కింద నిలబెట్టిన కర్రలను ఒక్కొక్కటే చేత్తో ఊపి చూస్తున్నాడు. సారంగపాణి అతని వెంట నడిచాడు. మూడు కర్రలు దాటాక అన్నాడు, "మేస్త్రీ, నిన్నటి మాలు వేసినవు గద శనివారం."

"ఏసిన," అన్నాడు కొమురెల్లి, నాలుగో కర్ర ఊపుతూ.

"అది పనికి రాదు. సిమెంటు సున్నం లెక్క గాదు. రాత్రికే గట్టిపడి సచ్చిపోతది."

"సోమవారం ఎర్కైంది. వేలు వెట్టంగనె ఎర్కైంది." కొమురెల్లి ఆగాడు. కళ్ళ అంచులు ఎర్రగా ఉన్నాయి. "నలభై ఏండ్లు సేసిన సారూ. ఒక్క గోడ రాలలే నా చేతిల. గిది రాలింది. ఆ పొద్దుకెల్లి నాకు బువ్వ వోతలేదు."

"మరి సమ్మమ్మ పోతాంటే ఎందుకు మాట్లాడలే?"

ముసలివాడు జవాబు చెప్పడానికి ఇబ్బంది పడ్డాడు. పెద్దవాళ్ళ ముందు అనకూడని మాట అనవలసి వచ్చినట్టు తలగుడ్డ తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"నువ్వు మాట్లాడుతవని సూసిన."

సారంగపాణి నిలబడిపోయాడు.

"శనివారం పొద్దుగాల గోనెలు తీసిన. పార మోగింది. నాకు అనుమానమైంది. గిదేంది గింత గట్టిగైంది అని. నీ దిక్కు సూసిన. నువ్వు సూస్తాన్నవు. నేనాగిన సారూ, పార వట్టుకోని ఆగిన. సారు ఒద్దంటె పారబోద్దామని. నువ్వు ఊకున్నవు, కాళ్ళు దగ్గరికి తీస్కున్నవు. సారు సదివినోడు, సూస్తాండు, ఊకున్నడంటె మంచిదే అయుంటది అనుకున్న. అప్పుడు పిలిచిన సమ్మిని, నీళ్ళు వొయ్యమని."

కొమురెల్లి గొంతులో నింద లేదు. జరిగింది జరిగినట్టు వరుసలో పెడుతున్నాడు.

సారంగపాణి ఆ ఉదయాన్ని మళ్ళీ తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. ఎండ, చీమ, బూటు. కొమురెల్లి తన వైపు చూసినట్టు జ్ఞాపకం లేదు. ఆగినట్టు జ్ఞాపకం లేదు. ఇన్ని రోజులూ తను ఒక తప్పును చూసి ఊరుకున్నవాడిననుకున్నాడు. చూసి ఊరుకోవడం ఒక చిన్న జాగా, దానిలో మనిషి ఒదిగి కూర్చోవచ్చు. ఇప్పుడు ఆ జాగా కూడా లేదు. తను ఊరుకోవడమే హుకుం. ఆ పార కదిలింది తన మౌనం మీదే.

పది గంటలకు షావుకారి స్లాబు ఏర్పాట్లు చూడటానికి వచ్చాడు. సారంగపాణి ఎదురు వెళ్ళాడు.

"షావుకారీ, నడిమి పిల్లర్ పగలగొట్టాలె. కింది నాలుగడుగులు. మల్ల పొయ్యాలె."

"ఏందీ?" షావుకారి నవ్వాడు. "పొద్దుగాల పొద్దుగాల పరాష్కాలా?"

"నిలుస్తదని నేను జెప్పింది అబద్ధం. అది నిన్నటి మాలు. నేను చూసి ఆపలే. నీళ్ళ తప్పు గాదు, సమ్మమ్మ తప్పు లేదు. మేస్త్రి గూడ నన్ను చూసే ఏసిండు. నాది తప్పు."

తట్టలు సర్దుకుంటున్న ఆడవాళ్ళు చేతులు ఆపారు. షావుకారి వాళ్ళ వైపు ఒకసారి చూసి, సారంగపాణి మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. అరుస్తాడనుకున్నాడు సారంగపాణి. దానికి సిద్ధపడి వచ్చాడు. షావుకారి అరవలేదు.

"మంచిగ జెప్పినవు," అన్నాడు మెల్లగా, దాదాపు ప్రేమగా. "ఇంకోడైతె చెప్పకపోవు. ఇప్పుడు ఇను. రేపు స్లాబు. సిమెంటు దానికి సరిగ్గ ఉన్నది. మల్ల పర్మిటంటే ఎన్ని నెల్లో, ఆనకాలం ముందట వడ్తది. పుస్తకంల మూడంతలు ఎక్కువ పెడతరని నువ్వే గద జెప్పినవు నక్షా రోజు. ఉన్నదా లేదా?"

"ఉన్నది."

"మరింకేంది పరేషాన్? పైన జర తక్కువ పెడ్త, నీ మాట మీద. ఆ పిల్లను గూడ రమ్మను, నాకేం పగ? ఎవలతోని అనకు. పో, సల్లగ నీళ్ళు తాగు."

భుజం తట్టి, ధోవతి పైకి పట్టుకుని వెళ్ళిపోయాడు.

సారంగపాణి ఉన్నచోటే ఉన్నాడు. చెప్పేశాడు. అయిదు రోజులుగా గొంతులో ఉన్నది బయటికి వచ్చింది. వచ్చినందుకు ఒంట్లో ఎక్కడో తీయటి నెమ్మది వ్యాపిస్తోంది. ఆ నెమ్మదిని అతను గుర్తుపట్టాడు. శనివారం పొద్దున, లేవాలి అనుకున్నప్పుడు వచ్చింది ఇదే. అదే రుచి, అదే వెచ్చదనం. చెప్పడం అయింది కనుక చేయడం కూడా అయిపోయినట్టు. పిల్లర్ మాత్రం అక్కడే ఉంది, తొమ్మిదింటిలోకీ నున్నగా.

పైన జర తక్కువ పెడతాడు. ఈ సంవత్సరం పెడతాడు. పల్లీల ధర పెరిగిన సంవత్సరం ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

"సారూ," మొగిలమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. "నువ్వన్నది నిజమేనా? సమ్మక్కది తప్పు లేదా?"

"లేదు. పోయి ఆమెకు చెప్పు."

"నేను జెప్తె నమ్ముతదా? ఊకె ఊరడిస్తాన్న అనుకుంటది." పిల్లర్ వైపు గడ్డంతో చూపింది. "అది గట్లనే నిలవడి ఉంటె ఎవలు జెప్పినా నమ్మదు."

ఆమె మాటలో వెటకారం ఉందేమోనని చూశాడు. లేదు.

పనిముట్ల కుప్పలో రాళ్ళు కొట్టే పెద్ద సుత్తె ఉంది, పక్కన ఉలి. తీసుకున్నాడు. సుత్తె అనుకున్నదానికంటే బరువుంది. పనివాళ్ళెవరూ కదల్లేదు. షావుకారి చెప్పలేదు, ఓవర్సీరు తనే కొట్టడం వాళ్ళెవరూ చూసి ఎరగరు. పిల్లర్ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కొమురెల్లి మంగళవారం అంతా నున్నగా తీర్చిన పూత మీద ఉలి పెట్టాడు. వెనక నుంచి ముసలివాడు ఆపుతాడేమోనని ఒక్క క్షణం ఆగాడు. ఆగుతున్నానని తెలుసుకుని, కొట్టాడు.

సుత్తె జారి ఉలి పక్కన తగిలింది. వేళ్ళ గణుపులు గీసుకుపోయాయి. పూత మీద చిన్న మచ్చ పడింది, అంతే.

"గట్ల గాదు సారూ," కొమురెల్లి వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఉలిని అతని చేతిలోనే ఉంచి, దాని మొనను అరంగుళం కిందికి, మూల సలాక పక్కకు జరిపాడు. "ఇనుముకు తగలనియ్యకు. ఇనుము మంచిదే, మల్ల పనికొస్తది. జర ఏటవాలుగ వట్టు."

మొగిలమ్మ తట్ట బోర్లించి మండి దారి పట్టింది. "యాడికే?" అని ఎవరో అడిగితే, "సమ్మక్కను తోల్కొస్తా, కండ్లార సూస్తది," అంటోంది.

సారంగపాణి ఉలిని ఏటవాలుగా పట్టుకుని రెండో దెబ్బ వేశాడు.